1664 నుంచి సర్పగంధ దాకా: మెదడు ధమనులు, చప్పుడు చేయని నష్టం

1664 అనగానే ప్రిలిమ్స్ చదివే మనకు రెండు విషయాలు గుర్తొస్తాయి. జనవరిలో శివాజీ సూరత్‌ను కొల్లగొట్టడం ఒకటి, కోల్బేర్ చొరవతో ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ పుట్టడం రెండోది. అదే ఏడాది లండన్‌లో ఒక లాటిన్ పుస్తకం అచ్చయింది. పేరు సెరెబ్రి అనటోమీ, అంటే మెదడు నిర్మాణ శాస్త్రం. రాసింది ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసర్, వైద్యుడు థామస్ విల్లిస్. మెదడు అడుగున ఉండే ధమనుల వలయాన్ని ఈరోజుకీ ఆయన పేరుతోనే ‘సర్కిల్ ఆఫ్ విల్లిస్’ అంటున్నారు.

ఇది సైన్స్ అండ్ టెక్నాలజీ టాపిక్ కదా, చరిత్ర వ్యాసంలో దీనికేం పని అని మీకు అనిపించవచ్చు. చివరిదాకా చదవండి. ఈ కథలో రాయల్ సొసైటీ వాళ్లున్నారు, లెనిన్, రూజ్‌వెల్ట్ ఉన్నారు, హకీం అజ్మల్ ఖాన్ పేరుంది, కలకత్తా, బొంబాయి ఉన్నాయి. మన దేశంలో ఈరోజు నడుస్తున్న ఒక ప్రజారోగ్య కార్యక్రమం దగ్గర ఇది ఆగుతుంది.

విల్లిస్‌కి ముందు 1400 ఏళ్లపాటు యూరప్‌ను ఏలింది గాలెన్ మాట. రోమ్‌లో మనిషి శవాన్ని కోసే వీలు లేక ఆయన పశువులను కోశాడు. గొర్రె, ఎద్దు మెదడు అడుగున సన్నని రక్తనాళాలు వలలా అల్లుకుని ఉంటాయి. గాలెన్ ఆ వల మనిషిలోనూ ఉంటుందని రాశాడు, శరీరంలోని జీవశక్తి అక్కడే బుద్ధిశక్తిగా మారుతుందన్నాడు. మనిషిలో ఆ వల లేదు! బెరెంగారియో డా కార్పి 1520లలో అనుమానం వ్యక్తం చేశాడు, 1543లో వెసేలియస్ తేల్చి చెప్పాడు. 1658లో స్విట్జర్లాండ్‌కి చెందిన వెప్ఫర్ పక్షవాతంతో చనిపోయినవాళ్ల తలలు కోసి చూసి, మెదడులో రక్తం చిమ్మడం వల్ల అలా జరగవచ్చని రాశాడు. కాబట్టి విల్లిస్ శూన్యంలోంచి ఏమీ పుట్టించలేదు. వలయాన్ని పాక్షికంగా చూసినవాళ్లు, బొమ్మ వేసినవాళ్లు ఆయనకంటే ముందే ఉన్నారు.

మరి పేరు ఆయనకే ఎందుకు దక్కింది? ఆయన అది దేనికి పనికొస్తుందో చెప్పాడు కాబట్టి. ఆయన బృందం కూడా మామూలుది కాదు. కత్తి పట్టింది రిచర్డ్ లోయర్, బొమ్మలు గీసినవారిలో క్రిస్టఫర్ రెన్ ఒకడు. రెండేళ్ల తర్వాత లండన్ తగలబడిపోతే సెయింట్ పాల్స్ కెథడ్రల్‌ను మళ్లీ కట్టింది ఈ రెన్నే. వీళ్లు ఒక పక్క మెడ ధమనిలోకి రంగు ద్రవం ఎక్కించి చూశారు. రంగు ఆ పక్కనే ఆగిపోకుండా రెండో పక్క నాళాల్లోకి కూడా వెళ్లింది.

అంతకంటే గొప్ప ఆధారం ఒక శవంలో దొరికింది. కడుపులో గడ్డతో చనిపోయిన ఒకతన్ని కోసినప్పుడు, కుడిపక్క మెడ ధమని రాయిలా గట్టిపడి దాదాపు పూర్తిగా మూసుకుపోయి ఉంది. లెక్క ప్రకారం అతనికి ఎప్పుడో పక్షవాతం రావాలి, కానీ బతికుండగా అలాంటిదేమీ రాలేదు. ఎందుకని వెతికితే, అదే పక్క వెన్నెముక వెంట పైకి వెళ్లే ధమని రెండో పక్కదానికంటే మూడింతలు లావుగా కనిపించింది. ఒక దారి మూసుకుంటే ఇంకో దారి వెడల్పయిందన్నమాట. అతనికి ఎప్పటికీ తెలియని ఒక జబ్బు, అతనికి తెలియకుండానే సర్దుకుపోయింది. ‘సైలెంట్’ అని ఈరోజు మనం అంటున్న మాటకి ఇంత పాత ఉదాహరణ నాకు ఇంకెక్కడా కనపడలేదు.

ఇక్కడ నిర్మాణం కొంచెం అర్థం చేసుకోండి, తర్వాతి చరిత్ర అంతా దీనిమీదే నిలబడుతుంది. మన బరువులో మెదడు వాటా సుమారు 2 శాతం. కానీ శరీరం వాడే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం దానికే కావాలి, నిల్వ పెట్టుకునే గోదాము మాత్రం లేదు. సరఫరా నాలుగు గొట్టాల్లో వస్తుంది: మెడ ముందు భాగంలో రెండు కెరోటిడ్ ధమనులు, వెనక రెండు వెర్టిబ్రల్ ధమనులు. వెనక రెండూ కలిసి ఒక్కటై బేసిలర్ ధమని అవుతుంది. ఈ ముందు, వెనక వ్యవస్థలను చిన్న చిన్న అనుసంధాన ధమనులు కలిపేసరికి మెదడు అడుగున ఒక వలయం ఏర్పడుతుంది. నేను ఎలక్ట్రికల్ బ్రాంచి వాణ్ని కాబట్టి చూడగానే రింగ్ మెయిన్ గుర్తొచ్చింది. ఒకవైపు ఫీడర్ ట్రిప్ అయితే ఇంకోవైపు నుంచి కరెంటు తిప్పి ఇస్తారు, ఊళ్లో వాళ్లకి లైటు ఆరినట్టు కూడా తెలీదు.

అయితే పుస్తకంలో గీసినట్టు అన్ని భాగాలూ సమంగా ఉండే వలయం అందరిలో ఉండదు. చాలా పరిశీలనల్లో అలాంటివాళ్లు సగంకంటే తక్కువే. కొందరిలో ఒక అనుసంధాన ధమని దారంలా సన్నగా ఉంటుంది, కొందరిలో అసలు ఉండదు. కొందరికి మెదడు వెనక భాగానికి రక్తం ఇచ్చే ధమని, గర్భంలో ఉన్నప్పటిలాగే, ముందున్న కెరోటిడ్ నుంచే వస్తుంది. ఒకే అడ్డంకి ఒకరిని ఏమీ చేయక, ఇంకొకరిని మంచం పట్టించడానికి ఇది ఒక కారణం.

ఇంతవరకు కథ బాగుంది, మెదడుకి రక్షణ ఉంది అనిపిస్తుంది. అసలు సమస్య ఈ వలయం దాటాక మొదలవుతుంది.

వలయం నుంచి, దాని పక్కనే మొదలయ్యే పెద్ద కొమ్మల నుంచి వెంట్రుకల్లాంటి సన్నని ధమనులు నిటారుగా మెదడు లోతుల్లోకి గుచ్చుకుని వెళ్తాయి. వీటిని పర్ఫొరేటర్లు అంటారు. వ్యాసం మిల్లీమీటరులో పదోవంతు నుంచి కొన్ని పదోవంతులు మాత్రమే. కదలికలను నియంత్రించే లోపలి కేంద్రాలు, ఆలోచనలను అటూఇటూ మోసే తెల్ల తంతువుల పెద్ద భాగం వీటిమీదే బతుకుతాయి. ఒక్కొక్కటి తన చిన్న ముక్కకి తానే దిక్కు, పక్కదానితో చెప్పుకోదగ్గ లింకు ఉండదు. ఇది రేడియల్ ఫీడర్, చివరి వీధి ట్రాన్స్‌ఫార్మర్ లాంటిది, పోతే ఆ వీధి చీకటే. 1872లో జర్మన్ శాస్త్రవేత్త జూలియస్ కోన్‌హైమ్ ఇలాంటి నాళాలకు ‘ఎండ్ ఆర్టరీ’ అనే మాట స్థిరపరిచాడు.

ఇంకో ఇబ్బంది ఒత్తిడిది. మెదడు పైపొరకి వెళ్లే ధమనులు పెద్దదాని నుంచి మధ్యరకం, మధ్యరకం నుంచి చిన్నది అంటూ మెట్టు మెట్టుగా సన్నబడతాయి, ఒత్తిడి కూడా మెట్టు మెట్టుగా తగ్గుతుంది. పర్ఫొరేటర్లకి ఆ మెట్లు లేవు, అవి పెద్ద గొట్టానికే నేరుగా తగిలించిన సన్న గొట్టాలు. హైటెన్షన్ లైను నుంచి మధ్యలో ఏ సబ్‌స్టేషనూ లేకుండా ఇంటికి తీగ లాగినట్టు. బీపీ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే మొదట దెబ్బతినేది ఇవే: గోడలు మందమవుతాయి, లోపలి దారి ఇరుకవుతుంది, కొన్ని మూసుకుపోతాయి, కొన్ని చిట్లుతాయి. అంటే అడుగున వలయం ఎంత పక్కాగా ఉన్నా ఇక్కడ అది ఆదుకోలేదు. విల్లిస్ చూపించిన రక్షణ ఒక అంతస్తుది, దెబ్బ పడేది దాని పై అంతస్తులో. నా దృష్టిలో ఈ ఒక్క తేడా పట్టుకుంటే మిగతా చరిత్ర తేలిగ్గా అర్థమవుతుంది.

ఈ పై అంతస్తును మొదట చూసింది ఫ్రెంచివాళ్లు. 1838లో దెషాంబ్ర్ మెదడులోని చిన్న గుంటలను ‘లాక్యూన్’ అన్నాడు. ఆ తర్వాత కొన్నేళ్లకే డ్యురాన్-ఫార్డెల్, ముసలివాళ్ల మెదడు కోస్తే జల్లెడలా చిల్లులు కనిపిస్తున్నాయని రాశాడు. 1901లో పియర్ మారీ, పారిస్ దగ్గర బిసెత్ర్ వృద్ధుల ఆసుపత్రిలో చూసినవాటిని కలిపి ఒక రోగచిత్రం ఇచ్చాడు: చిన్న చిన్న అడుగులతో ఈడుస్తూ నడవడం, మాట తడబాటు, తెలివి మందగించడం. దీనికి ఏడేళ్ల ముందే, 1894లో, బిన్స్‌వాంగర్ తెల్ల తంతువులు పాడవడం వల్ల వచ్చే మతిభ్రంశాన్ని వర్ణించాడు. తర్వాత సుమారు 50 ఏళ్లు ఈ గుంటలను పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఒక కారణం తేలిగ్గా ఊహించవచ్చు: వాటిని చూడాలంటే మనిషి చనిపోవాలి.

మళ్లీ తవ్వింది సి. మిల్లర్ ఫిషర్, బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో. 1965లో ప్రచురించిన వ్యాసంలో ఆయన 1042 మెదళ్లు పరీక్షించి 114 మెదళ్లలో మొత్తం 376 లాక్యూన్లు లెక్కపెట్టాడు. అవి ఉన్నవాళ్లలో అత్యధికులకు బీపీ ఉంది. తర్వాత ఆ గుంటలకు వెళ్లే పర్ఫొరేటర్లను సూక్ష్మదర్శిని కింద వరుస ముక్కలుగా కోసి, గోడలు ఎలా చెడిపోయాయో చూపించాడు. ఎంత ఓపిక కావాలో ఆలోచించండి! ఇంత చిన్న దెబ్బలు చాలావరకు రోగికి ఏ లక్షణమూ చూపించవని కూడా ఆయన పనితోనే గట్టిపడింది.

1971 అక్టోబరు 1న వింబుల్డన్‌లోని ఆట్కిన్సన్ మోర్లే ఆసుపత్రిలో మొదటి రోగికి సీటీ స్కాన్ తీశారు. యంత్రం చేసింది ఈఎంఐ కంపెనీ ఇంజినీరు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్, 1979లో కార్మాక్‌తో కలిసి నోబెల్ అందుకున్నాడు. తర్వాత ఎంఆర్ఐ వచ్చింది, లాటర్‌బర్, మాన్స్‌ఫీల్డ్‌లకు 2003లో నోబెల్. ఇవి ప్రిలిమ్స్ బిట్లు, కానీ అసలు మార్పు వేరు. బతికున్న మనిషి, ఆరోగ్యంగా ఉన్నాననుకునే మనిషి మెదడు లోపల మొదటిసారి కనిపించింది. ఎప్పుడూ పక్షవాతం రానివాళ్ల స్కాన్లలో పాత గుంటలు, తెల్ల మచ్చలు బయటపడ్డాయి. 1987లో హచిన్‌స్కీ బృందం ఆ తెల్ల మార్పుకి ‘లూకోఅరయోసిస్’ అని గ్రీకు పేరు పెట్టింది.

2003లో వచ్చిన రోటర్‌డామ్ స్కాన్ అధ్యయనం దీన్ని కొలిచింది. నెదర్లాండ్స్‌లో 60 నుంచి 90 ఏళ్ల మధ్య, అప్పటికి డిమెన్షియా గానీ పక్షవాతం గానీ లేని 1015 మందికి ఎంఆర్ఐ తీసి కొన్నేళ్లు గమనించారు. ఐదుగురిలో సుమారు ఒకరికి మెదడులో చప్పుడు చేయని ఇన్‌ఫార్క్ట్‌లు, అంటే రక్తం అందక చచ్చిపోయిన చిన్న ముక్కలు, మొదటి స్కాన్లోనే ఉన్నాయి. వాళ్లకి డిమెన్షియా వచ్చే ముప్పు మిగతావాళ్లకంటే రెట్టింపు దాటింది. కాబట్టి ‘సైలెంట్’ అనే మాటను జాగ్రత్తగా వాడాలి. ఆసుపత్రికి పరిగెత్తించేంత గోల చేయలేదు, అంతే. నడక నెమ్మదించడం, లెక్కలు చూసుకోవడానికి ఎక్కువసేపు పట్టడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం లాంటివి వస్తే మన ఇళ్లలో “వయసు మీద పడింది” అనేసి ఊరుకుంటాం.

ఇప్పుడు ప్రపంచ చరిత్ర. ఉడ్రో విల్సన్‌కి 1919 అక్టోబరులో పెద్ద పక్షవాతం వచ్చింది. ఆ నవంబరులోనూ మరుసటి మార్చిలోనూ అమెరికా సెనేట్ వెర్సైల్స్ ఒప్పందాన్ని తిరస్కరించింది, నానాజాతి సమితి ఆలోచన పుట్టించిన దేశమే అందులో చేరలేదు. లెనిన్‌కి 1922 మే నుంచి వరుసగా స్ట్రోకులు వచ్చి 1924 జనవరి 21న 53 ఏళ్లకే చనిపోయాడు. శవపరీక్షలో మెదడు ధమనులు సున్నం పేరుకుని గట్టిపడి ఉన్నాయి. రూజ్‌వెల్ట్ బీపీ 1944 మార్చిలో 186/108. 1945 ఫిబ్రవరిలో యాల్టాకి వెళ్లొచ్చాడు, ఏప్రిల్ 12న మెదడులో రక్తస్రావంతో పోయాడు, ఆ రోజు బీపీ 300/190. ఈ మూడూ సరిగ్గా ఒకే రకం జబ్బు కాదు. లెనిన్‌ది ప్రధానంగా పెద్ద ధమనుల సమస్య, రూజ్‌వెల్ట్‌ది బీపీ.

ఇక్కడ ఒక హెచ్చరిక. “యాల్టాలో స్టాలిన్ గెలవడానికి కారణం రూజ్‌వెల్ట్ మెదడు” అని జవాబు పత్రంలో రాయకండి. అప్పటికే పోలండ్‌లో ఎర్రసైన్యం ఉంది, దాన్ని ఏ ఆరోగ్యవంతుడైన అధ్యక్షుడూ వెనక్కి పంపలేకపోయేవాడు. గుర్తుపెట్టుకోవాల్సిన విషయం వేరే ఉంది. ప్రపంచంలోకెల్లా శక్తిమంతుడైన మనిషికి, ఏడాది ముందే జబ్బు తెలిసినా, ఇవ్వడానికి బీపీని నిజంగా తగ్గించే మందు లేదు. విశ్రాంతి, ఉప్పు తగ్గించడం, గుండెకి డిజిటాలిస్, అంతే.

ఆ మందు అప్పటికే మన దగ్గర ఉంది.

సర్పగంధ వేరు గురించి మీరు ఆయుర్వేదం టాపిక్‌లో చదివే ఉంటారు. 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ దీన్ని పిచ్చికీ, హెచ్చు రక్తపోటుకీ వాడి ఫలితాలు రాశారు. అదే కాలంలో ఢిల్లీ తిబ్బియా కాలేజీలో సలీముజ్జమాన్ సిద్దిఖీ ఈ వేరులోంచి ఒక రసాయనాన్ని వేరుచేసి, తన గురుతుల్యుడి పేరిట ‘అజ్మలీన్’ అన్నాడు. ఆ గురుతుల్యుడే హకీం అజ్మల్ ఖాన్, 1921 అహ్మదాబాద్ కాంగ్రెస్‌కి అధ్యక్షత వహించినవాడు, జామియా మిలియా మొదటి చాన్సలర్. సిద్దిఖీ 1951లో పాకిస్తాన్ వెళ్లి అక్కడి శాస్త్ర పరిశోధన సంస్థలను నిర్మించాడు. దేశ విభజనలో శాస్త్రవేత్తలు కూడా పంచుకోబడ్డారు, దాన్ని మన పుస్తకాలు దాదాపు రాయవు.

1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్, 50 మంది బీపీ రోగుల మీద సర్పగంధ ఫలితాలను బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రచురించాడు. రూజ్‌వెల్ట్ పోయి అప్పటికి నాలుగేళ్లు. ఆ వ్యాసం తర్వాతే పాశ్చాత్య వైద్యం గట్టిగా తలతిప్పి చూసింది. 1952లో స్విస్ కంపెనీ సీబా ఆ వేరులోంచి రిసర్పీన్ వేరుచేసింది, 1957లో వకీల్‌కి లాస్కర్ అవార్డు వచ్చింది. 1967లో అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల్లో, బీపీ బాగా ఎక్కువున్న 143 మంది మగవాళ్లపై ఒక ప్రయోగం చేశారు. మందు తీసుకోని గుంపులో 27 తీవ్ర ప్రమాదాలు జరిగితే, మందు తీసుకున్న గుంపులో జరిగినవి రెండే. ఆ మందుల కలయికలో మూడింట ఒకటి రిసర్పీన్. బీపీకి మందు ఇస్తే స్ట్రోకులు, ఇతర ప్రమాదాలు ఆగుతాయని ప్రపంచాన్ని నమ్మించిన ప్రయోగం ఇది. తర్వాత మనసు దిగులుగా మారుతుందన్న భయంతో, మెరుగైన మందులు రావడంతో రిసర్పీన్ వాడకం తగ్గింది. అడవుల్లోంచి ఎడాపెడా తవ్వేయడం వల్ల సర్పగంధ మొక్క ఈరోజు సైటీస్ రెండో అనుబంధంలో ఉంది (ఇది కూడా ప్రిలిమ్స్ బిట్టే).

మనవాళ్లు మందు కనిపెట్టారని గర్వపడటం తేలిక, ఇంటి లెక్క చూస్తే అంత తేలిక కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో 24 శాతం, ఆడవాళ్లలో 21 శాతం మందికి బీపీ ఎక్కువగా ఉంది లేదా మందు వాడుతున్నారు. 60 ఏళ్లు దాటినవాళ్లలో డిమెన్షియా 7.4 శాతం, అంటే సుమారు 88 లక్షల మంది అని 2023లో వచ్చిన ఒక జాతీయ అంచనా. పైగా పుర్రె లోపలి ధమనులే ఇరుకయ్యే జబ్బు తెల్లజాతి వాళ్లకంటే ఆసియా వాళ్లలో ఎక్కువ. అంటే మనలో చాలామందికి అడ్డంకి వలయానికి ముందున్న మెడలో కాకుండా, వలయం దగ్గరో దాని తర్వాతో వస్తుంది. అది ప్రత్యామ్నాయ దారులు తగ్గిపోయే చోటు.

హైదరాబాద్ నుంచి ఒక సంగతి కూడా చెప్పాలి. 2013లో నిమ్స్ వైద్యురాలు సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించింది. రెండు లేదా ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లకి ఒకే భాష వాళ్లకంటే సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా లక్షణాలు మొదలయ్యాయి, చదువు రానివాళ్లలో కూడా ఈ తేడా కనిపించింది. తెలుగు, ఉర్దూ, హిందీ కలగలిపి మాట్లాడే ఊళ్లో తేలిన విషయం ఇది. రక్తనాళాల్లో లేని ప్రత్యామ్నాయ దారి వాడకంలో కొంత ఏర్పడుతుందేమోనని నేను దీన్ని అర్థం చేసుకున్నాను. అయితే ఇది లక్షణాలను వాయిదా వేసేదే, నాళాన్ని బాగుచేసేది కాదు.

నాళం వైపు చేయగలిగిన పని బీపీ తగ్గించడమే. 2019లో వెలువడిన స్ప్రింట్-మైండ్ ఫలితాల్లో, బీపీని మరింత గట్టిగా అదుపు చేసిన గుంపులో తెల్ల మచ్చలు పెరగడం నెమ్మదించింది, తేలికపాటి జ్ఞాపకశక్తి లోపం తగ్గింది. డిమెన్షియాలో మాత్రం గణాంకపరంగా నమ్మదగ్గ తేడా రాలేదు, ఇది కూడా నిజాయితీగా రాయాలి.

మన దేశంలో 2017లో మొదలైన ఇండియా హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనిషియేటివ్‌లో మొదటి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ప్రతి వైద్యుడూ తన ఇష్టం వచ్చిన మందు రాయడం కాకుండా రాష్ట్రానికి ఒకే ప్రొటోకాల్, నెలకి సరిపడా మాత్రలు, నర్సు స్థాయిలోనే ఫాలో-అప్, పేషెంటు మళ్లీ రాకపోతే పట్టుకునే రికార్డు, ఇదీ దాని పద్ధతి. 2022లో ఐక్యరాజ్యసమితి అవార్డు కూడా వచ్చింది. అసలు కష్టం మందు ఖరీదులో లేదు, ఆమ్లోడిపిన్ చాలా చవక. ఏ నొప్పీ లేని మనిషి చేత 30 ఏళ్లపాటు రోజూ మాత్ర వేయించడమే కష్టం. కొన్నాళ్లు వేసుకుని, “ఇప్పుడు బాగానే ఉందిగా” అని మానేసినవాళ్లు మీ ఇంట్లోనూ ఉండే ఉంటారు.

మెయిన్స్ సాధనకి ఒక ప్రశ్న: “అసాంక్రమిక వ్యాధుల విషయంలో భారత్ సమస్య మందుల లభ్యతకంటే చికిత్స కొనసాగింపుకి సంబంధించినది.” రక్తపోటు ఉదాహరణతో చర్చించండి. (250 పదాలు, 15 మార్కులు)